స్టీరింగు బరువు

లాల్‌దర్వాజా గల్లీలో సామ్యూల్ నడిపే కంప్యూటర్ గేముల దుకాణానికి పిల్లలకంటే ముందే వచ్చి కూర్చుంటాడు ఎల్లప్ప. వయసంతా సిటీబస్సు నడిపినవాడు. పక్షవాతం వచ్చి కుడిచేతి సత్తువ పోయాక డిపోవాళ్లు ఇంట్లో కూర్చోబెట్టారు. కారు రేసు ఆట మొదలయ్యే ముందు, బల్లకు బిగించిన ప్లాస్టిక్ స్టీరింగును తాకి కళ్లకద్దుకుంటాడు. మలుపు వస్తే చాలు, లేని సైడు అద్దంలోకి తొంగిచూస్తాడు. రేపు డిపోలో మళ్లీ డ్రైవింగు పరీక్ష. ఇవాళ కారు ఒక్కసారి కూడా గోడకు తగల్లేదు.

"చెయ్యి తిరిగొచ్చింది సామ్యూల్! ఇగ ఫికర్ లేదు," అన్నాడు. అంతలో ఆట ముగిసి తెర మీదకు సెట్టింగులు వచ్చాయి. ఒక గీత మీది చుక్క పూర్తిగా ఎడమ కొసకు జరిగి ఉంది. "గదేంది?" అన్నాడు ఎల్లప్ప.

సామ్యూల్ తల దించుకున్నాడు. "స్టీరింగు బరువు, అన్నా. నువ్వు మస్తు తిప్పలవడుతున్నవని వారం కింద తగ్గించిన."

ఎల్లప్ప ఆ చుక్కను వేలితో చూపించాడు. "బస్సుకున్నంత పెట్టు."

ఆట మళ్లీ మొదలైంది. మొదటి మలుపులోనే స్టీరింగు విదిలించి కొట్టింది. కుడిచెయ్యి జారి ఒళ్లో పడింది. దాన్ని ఎడమచేత్తో ఎత్తి మళ్లీ స్టీరింగు మీద పెట్టి, అక్కడే అదిమి పట్టుకున్నాడు ఎల్లప్ప. కారు గోడను రాసుకుంటూ పోతోంది.

"తగ్గియ్యకు," అన్నాడు, సామ్యూల్ చెయ్యి కదలకముందే.