నష్టం కనపడని ఇల్లు

మా మేనత్త ఇంటికి చెప్పాపెట్టకుండా వెళ్ళే ధైర్యం చుట్టాల్లో ఎవరికీ లేదు. వెళ్తే గుమ్మంలోనే నిలబెట్టి, ఇల్లు సర్దాకే లోపలికి రానిస్తుంది. సర్దడానికేమైనా ఉంటేగా! అయినా సర్దుతుంది. చిందరవందరగా ఉన్న ఇంటి మీద పరాయి కళ్ళు పడటమంటే ఆవిడకి తల కొట్టేసినట్టే.

అలాంటి ఇంట్లో, మేడమీది బాత్రూం గోడలో పైపు పగిలింది. అత్తయ్య అప్పుడు ఆస్పత్రిలో మావయ్య దగ్గర ఉంది. ఆయనకి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. ఆవిడ ఇంటికొచ్చేసరికి కింద మావయ్య పడుకునే గది కప్పు ధారగా కారుతోంది. పరుపు నానిపోయింది, గోడ ఉబ్బి పెచ్చులూడింది. డాక్టరుది ఒకటే మాట: చెమ్మ ఉన్న గదికి ఆయన్ని పంపను. మెట్లెక్కి మేడమీద పడుకునే ఓపిక మావయ్యకి లేదు. గోడ చెక్కించి మళ్ళీ పూత వేయించాలి. ఇన్సూరెన్సు వాళ్ళు ఒప్పుకుంటే తప్ప అది మావాళ్ళ వల్ల అయ్యే పని కాదు.

మేడమీద నీళ్ళు కట్టేసి, కంపెనీకి ఫోను చేసింది నేనే. సర్వేయరు వచ్చి చూసేదాకా ఏదీ ముట్టుకోవద్దన్నారు, ఫొటోలు తీసి ఉంచమన్నారు. పూసగుచ్చినట్టు అత్తయ్యకి చెప్పాను. అందులో ఆవిడ తలకెక్కింది ఒక్కటే: ఇంటికి కొత్తమనిషి వస్తున్నాడు.

మర్నాడు నేను వెళ్ళేసరికి ఇల్లు అద్దంలా ఉంది. నానిన పరుపు చెత్తబండెక్కి వెళ్ళిపోయింది. ఊడిన పెచ్చుల చోట సిమెంటు మెత్తి, పైన తెల్లరంగు పూసేసింది. వాసన పోవడానికి కిటికీలో నిమ్మచెక్కలు కూడా పెట్టింది.

"ఫొటోలేవి అత్తయ్యా?"

"ఆ దరిద్రాన్ని ఎవరైనా ఫొటో తీసుకుంటారటే?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏం చేయాలో తోచక నేనూ ఒక కుర్చీ సర్దాను.

సర్వేయరు బూట్లు బయటే విప్పాడు. ఆ నేల చూస్తే ఎవరైనా విప్పుతారు. గదంతా కలయజూసి, "నష్టం ఎక్కడమ్మా?" అన్నాడు.

"పెద్దగా ఏం లేదు బాబూ. కాస్త తడయింది, తుడిచేశా. మంచినీళ్ళు తాగుతావా?"

"అత్తయ్యా!" అన్నాను.

"నువ్వూరుకో."

సర్వేయరు చెడ్డవాడేం కాదు. "నాకు కనపడనిది రాయలేనమ్మా. తెల్లగోడ చూస్తే తెల్లగోడనే రాస్తాను" అని పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు.

నేనిక ఆగలేకపోయాను. "సరే అత్తయ్యా, ఇల్లు శుభ్రంగా ఉంది. మావయ్యని ఆస్పత్రిలోనే ఉంచేద్దాం. అక్కడా శుభ్రంగానే ఉంటుంది" అన్నాను.

అత్తయ్య నాకేసి చూసింది. వంటింట్లోకి వెళ్ళి కూరగాయల చాకు తెచ్చింది. సర్వేయరు ఒకడుగు వెనక్కి వేశాడు. ఆవిడ నేరుగా గోడ దగ్గరికి వెళ్ళి గీకడం మొదలుపెట్టింది. రంగూ, ఇంకా పచ్చిగా ఉన్న సిమెంటూ ముద్దలు ముద్దలుగా నేల మీద పడ్డాయి. లోపల ఇటుకలు నీళ్ళోడుతున్నాయి. ముక్కిన వాసన గదంతా నిండింది.

"చూడు బాబూ, ఇదీ నా ఇల్లు" అంది. "ఇందులో ఆయనకి ఊపిరాడదు. రాసుకో."

"చాలమ్మా."

"చాలదు. ఆ మూల కూడా చూడు" అని ఆ మూలకి వెళ్ళి గీకింది.

క్లెయిము వచ్చింది, పరుపుకి తప్ప. పరుపు ఉండేదని నమ్మడానికి సర్వేయరుకి ఏదీ కనపడలేదు. పగిలిన పైపు మార్పించాక తాపీమేస్త్రి గోడ చెక్కి, ఆరనిచ్చి, కొత్త పూత వేశాడు. వేసవి దాకా రంగు జోలికి పోవద్దని, పోతే మళ్ళీ చెమ్మ పడుతుందని అత్తయ్య చేత ఒట్టు వేయించుకున్నాడు. డాక్టరు సరేనన్నాక మావయ్యని తీసుకొచ్చి మచ్చలు మచ్చలుగా ఉన్న ఆ బూడిదరంగు గోడల మధ్య పడుకోబెట్టాం.

ఆయన నాలుగు వైపులా చూశాడు. "ఏమిటే ఇది, మనిల్లేనా?"

"మాట్లాడకండి. ముందు గట్టిగా ఊపిరి తీసుకోండి."

తీసుకున్నాడు. దగ్గు రాలేదు.

"ఇంకోసారి" అంది.

ఇంకోసారి తీసుకున్నాడు. అత్తయ్య గోడకి ఆనుకుని నేల మీద చతికిలబడి, మేమిద్దరం చూస్తున్నామని కూడా లేకుండా భోరున ఏడ్చింది.