చర్చి వీధికి పద్నాలుగు

ఓటు గురించి గొప్పగా మాట్లాడేవాళ్ళంటే నాకు చులకన. విజయవాడలో మేముండే అపార్ట్‌మెంటులో నలభై ఎనిమిది ఫ్లాట్లు. మొన్నటి పోలింగ్ నాడు సిరా వేలు చూపిస్తూ గ్రూపులో ఫొటోలు పెట్టినవాళ్ళు తొమ్మిది మంది. మిగతావాళ్ళలో చాలామంది సెలవు దొరికిందని పదింటిదాకా పడుకుని, పదకొండింటికి ఎండగా ఉందన్నారు, నాలుగింటికి క్యూ పెద్దదన్నారు. ఈ దేశం ఇక బాగుపడదని మర్నాడు లిఫ్టులో తేల్చి చెప్పినవాళ్ళూ వాళ్ళే. ఫొటోల వాళ్ళు వీళ్ళకంటే మెరుగని కూడా అనలేను. బొటనవేలంత పని చేసి ఐదేళ్ళ పాటు పౌరుల్లా తిరుగుతారు.

నేను ఓటు కోసం బస్సెక్కి మా ఊరు వెళ్తాను. పామర్రులో దిగి ఆటో పట్టుకోవాలి. ఇన్నేళ్ళలో ఒక్కటీ వదల్లేదు. నా ఓటు వల్ల ఎవరికైనా మేలు జరిగిందని చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. నా లెక్క వల్ల జరిగిన చెడుకి మాత్రం ఉంది.

నేను చదువుకున్నవాణ్ణి కాదు. పదో తరగతి తప్పాను, అదీ ఇంగ్లీషులో. లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. వన్ టౌన్‌లో ఒక పప్పుల హోల్‌సేల్ కొట్టులో ఇరవై ఆరేళ్ళుగా స్టాకు చూస్తున్నాను. గోడౌన్‌లోకి అడుగుపెట్టి ఒకసారి తల తిప్పితే బస్తాలెన్నో చెప్పగలను, రెండు మూడు తేడా తప్ప. ఊళ్ళో పొలం కొలతలకీ, చెరువు లోతులకీ నన్నే పిలుస్తారు. ఈ పేరంటే నాకు లోపల చాలా మోజుండేది. జరిగినదానికి మొదటి కారణం ఆ మోజే.

మా ఊళ్ళో మా పోలింగు బూతు కింద మూడు వీధులు. ఒకటి మావాళ్ళుండే పెద్దవీధి, రెండోది కాలవగట్టు మీద ఇళ్ళు, మూడోది చర్చి వీధి. మా ఊరి బోరు నీళ్ళు ఉప్పు. తాగే నీళ్ళు మంచినీళ్ళ చెరువు నుంచి ట్యాంకుకెక్కి, గొట్టాల్లో పెద్దవీధికీ కాలవగట్టుకీ వస్తాయి. చర్చి వీధికి రావు. అక్కడి ఆడవాళ్ళు రోడ్డు దాటి ట్యాంకు కింద ఉన్న కుళాయి దగ్గర పట్టుకెళ్ళాలి. ఆ వీధి చివరింట్లో అంగన్‌వాడీ టీచరుగారు ఉంటుంది. బడిలో నాకంటే రెండు తరగతులు పెద్ద. మోకాళ్ళు అరిగిపోయాయి. రోజుకి ఐదు బిందెలు, ఒక్కో బిందెకి పోనూ రానూ ఎనిమిది వందల మీటర్లు. నాలుగు కిలోమీటర్ల నడక, అందులో సగం బరువుతో. ఇది నేను గుణించింది. ఆవిడ ఎప్పుడూ గుణించుకోలేదు, మోసుకుంది.

ఎన్నికలకి ముందు చర్చి వీధిలో కందకం తవ్వారు. మూడు వందల నలభై మీటర్లు. ఆరు మీటర్ల గొట్టాలు యాభై ఏడు తెచ్చి చర్చి గోడ వారన పేర్చారు. ఇదంతా మా మేనత్త కొడుకు చేయించాడు. నాకంటే ఏడేళ్ళు పెద్ద, మాజీ సర్పంచి, ఊళ్ళో తన పార్టీకి అతనే పెద్ద. గొట్టాల పక్కన నిలబడి ఫొటో కూడా తీయించుకున్నాడు.

కౌంటింగు అయ్యాక మా బూతులో అతని పార్టీ చిత్తుగా వెనకబడింది. పైన ప్రభుత్వంలోకి మాత్రం వాళ్ళే వచ్చారు. గెలిచి కూడా సొంత బూతులో పరువు పోయినవాడి ముఖం ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను. నన్ను పిలిపించి, బూతులో తన ఏజెంటు టిక్కులు పెట్టిన ఓటర్ల జాబితా ముందు పడేశాడు.

"ఏమోయ్, నీకు లెక్క వచ్చుగా. ఎవరు ముంచారో తేల్చు."

నేను చెప్పాల్సిన మాట ఒకటుంది. ఎవరు వేశారో తెలుస్తుంది గానీ, ఎవరికి వేశారో తెలుసుకోడానికి నీకూ నాకూ హక్కు లేదని. అది నా నోటికే రాలేదు. పెన్ను తీశాను. ఓటు రహస్యమని ప్రతి ఎన్నికలకీ గోడల మీద రాయిస్తారు. ఒక బూతులో ఆరు వందల ఓట్లు పడితే, ఒక యంత్రం ఒక అంకె చెబితే, ఆ రహస్యం ఎంతసేపు నిలుస్తుందో చూపించాలన్న ఉబలాటం నాది.

పడ్డవి ఆరు వందల పద్దెనిమిది. టిక్కులు లెక్కపెడితే పెద్దవీధి నుంచి రెండు వందల ఎనభై ఏడు, కాలవగట్టు నుంచి నూట పద్దెనిమిది, చర్చి వీధి నుంచి రెండు వందల పదమూడు. కూడితే సరిపోయింది. మా బావ పార్టీకి వచ్చినవి రెండు వందల నలభై ఒకటి. పెద్దవీధిలో మనకెన్ని అని అడిగాను. మూడొంతులకి తగ్గవన్నాడు, అంతా మనవాళ్ళేగా అన్నాడు. నాలుగింట మూడొంతులంటే రెండు వందల పదిహేను. మిగిలినవి ఇరవై ఆరు. కాలవగట్టు వాళ్ళు మొదటి నుంచీ అవతలివైపే, మహా అయితే పన్నెండు అన్నాడు. చివరికి మిగిలింది రాసి, కింద రెండు గీతలు గీసి ఇచ్చాను. చర్చి వీధి: పద్నాలుగు.

"రెండు వందల పదమూడులో పద్నాలుగు," అని అతను రెండుసార్లు చదివాడు. ఆ కాగితం జేబులో పెట్టుకున్నాడు. అంత తొందరగా ఎలా చేశావని మా అత్త మెచ్చుకుంది. కాఫీ తాగి బస్సెక్కాను.

నాలుగు రోజుల్లో ట్రాక్టరు వచ్చి గొట్టాలు ఎత్తుకుపోయింది. చర్చి వీధి పెద్దలు వెళ్ళి అడిగితే మా బావ నా కాగితం తీసి చూపించాడట. లెక్క తప్పయితే చెప్పండి అన్నాడట. కందకం అలాగే వదిలేశారు. వానలకి నిండింది. ఇదంతా నాకు నెల తర్వాత తెలిసింది, అదీ ఫోనులో. అప్పుడు కూడా నేను బాధపడ్డానని రాస్తే అబద్ధం. వాళ్ళు వేసుండాల్సింది అనుకున్నాను.

తర్వాత మా ఊళ్ళో ఒక పెద్దకర్మ భోజనాలకి వెళ్ళాను. పంక్తిలో నా పక్కన మా బాబాయి, అంటే మా నాన్న తమ్ముడు. ఎదురు వరసలో ఆయన ఈడు వాళ్ళు నలుగురు, అందరూ పెద్దవీధి వాళ్ళే. మాట ఎన్నికల మీదికి మళ్ళింది. చర్చి వీధి మీ బావకి చెయ్యిచ్చిందటగా అని ఒకాయన అన్నాడు. మా బాబాయికి నవ్వాగలేదు. గారె తుంచుతూ నా వైపు వంగాడు.

"నేను అవతలివైపే వేశాన్రా. మీ పిన్ని కూడా."

ఎందుకని అడిగాను. రోడ్డు వెడల్పు చేయించినప్పుడు మా బావ తన రెండు కొబ్బరిచెట్లు కొట్టించాడట. అవి ఏటా ఎన్ని కాయలు కాసేవో చెప్పాడు. ఎదుటి వరసలో ఒకాయనకి చేలోకి నీళ్ళు పారే బోదె విషయంలో తగువు. ఇంకొకాయన కూతురి పెళ్ళికి మా బావ ఆలస్యంగా వచ్చాడు. మూడో ఆయనకి కారణమే లేదు, ఒకసారి మార్చి చూద్దామనిపించిందన్నాడు. నాలుగో ఆయన విస్తట్లోంచి తలెత్తకుండా, మా ఇంట్లో నాలుగూ అటేనండీ అన్నాడు.

"మరి పైకి బావ వెనకాలే తిరిగారు కదా బాబాయ్."

"తిరిగితే ఏం పోయింది? మనల్ని ఎవడనుమానిస్తాడ్రా, మనం మనవాళ్ళం."

సమాజంలో మార్పు రావాలని వీళ్ళే పొద్దున్నే అరుగుల మీద పేపరు మడిచి మాట్లాడతారు. వీళ్ళు కోరే మార్పు పొడవెంతో కొలిస్తే రెండు కొబ్బరిచెట్లంత. అవినీతి, అభివృద్ధి అని అరగంట చెప్పి, బూతులోకి వెళ్ళాక ఎప్పటి పెళ్ళిలోనో జరిగిన అవమానానికి మీట నొక్కుతారు. దానికి ఖరీదు వేరే వీధి చేత కట్టిస్తారు.

ఆ పంక్తిలోనే నాకు లెక్క మళ్ళీ కనిపించింది. పెద్దవీధిలో మూడొంతులు కాక సగమే అనుకుంటే నూట నలభై మూడు. అప్పుడు చర్చి వీధికి పద్నాలుగు కాదు, ఎనభై ఆరు. ఇంకా తక్కువనుకుంటే నూరు దాటుతుంది. అసలు సంగతి అది కూడా కాదు. వీధులు మూడు. నాకు తెలిసిన మొత్తం ఒక్కటి. రెండు వీధుల సంగతి అడిగినవాడి నోటి నుంచే తీసుకుని, మూడోది తేలిందని రాసిచ్చాను. గోడౌన్‌లో ఒక కుర్రాడు అలా స్టాకు రాస్తే ఆ పుస్తకం వాడి మొహాన కొట్టేవాణ్ణి. ఆ కాగితం కింద రెండు గీతలు గీసింది నేను. లెక్కలు రాని వెధవ ఎవడైనా అయితే తెలియదని చెప్పి ఉండేవాడు, గొట్టాలు అక్కడే ఉండేవి.

చెయ్యి కడుక్కుని మా బావ ఇంటికి వెళ్ళాను. తప్పు చేశానని చెప్పి, కొత్త అంకెలు చూపించాను. పేర్లు చెప్పలేదు. అతను ఉయ్యాలబల్ల మీద కూర్చుని శ్రద్ధగా విన్నాడు.

"నాకు తెలుసులేవోయ్."

ఏమిటి తెలుసు అన్నాను.

"మన వీధి సంగతి నాకు తెలియదా? రేపు పంచాయతీ ఎన్నికలొస్తాయి. మనవాళ్ళ మీద కోపం చూపిస్తే నాకు మిగిలేదెవరు? ఎవరో ఒకరి మీద చూపించకపోతే అసలు లెక్కచెయ్యరు. నీ కాగితం మంచి పని చేసిందిలే."

అతను మోసగాడన్నది కొత్త సంగతి కాదు. అతనికి నా లెక్కతో పనే లేదు. నా అక్షరాలతో పని. నాకు లెక్క వచ్చని ఊరంతా నమ్ముతుంది కాబట్టి అడిగాడు. గొట్టాలు ఎక్కడున్నాయని అడిగాను. పెద్దవీధి వెనకాల పశువుల కొట్టాల వైపు రెండో లైను వేయించానన్నాడు, మిగిలినవి షెడ్డులో ఉన్నాయన్నాడు. మనవాళ్ళు సంతోషించారు అని కూడా అన్నాడు.

ఆ సాయంత్రం చర్చి వీధి చివరిదాకా నడిచాను. టీచరుగారు అరుగు మీద బిందెలు బోర్లిస్తోంది. నిలబడే అంతా చెప్పాను, పంక్తిలో విన్నదీ, ఉయ్యాలబల్ల దగ్గర విన్నదీ. క్షమించమని అడిగాను. ఆవిడ కూర్చోమనలేదు.

"మా ఇంట్లో మా ఆయన ఎవరికి వేశాడో ఇప్పటికీ నాకు తెలియదు తమ్ముడూ. నీకెట్టా తెలిసింది?"

ఆవిడ బిందెలన్నీ వరసగా పెట్టి, తీరిగ్గా నా వైపు తిరిగింది.

"నీ క్షమాపణ నేనేం చేసుకోను. లెక్క వచ్చుగా, అర్జీ రాయి. సోమవారం కలెక్టరుగారి ఆఫీసుకి పోతాం. ఆ కాగితం నువ్వే రాశావనీ, అది తప్పనీ రాసి సంతకం పెట్టు."

బావతో, వీధితో, చుట్టరికాలతో ఏమవుతుందో లెక్కేసుకోడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. రాశాను. అరవై నాలుగు ఇళ్ళు, మూడు వందల నలభై మీటర్లు, యాభై ఏడు గొట్టాలు, తెచ్చారు, తీసుకెళ్ళారు. చివర నా తప్పు నాలుగు వాక్యాల్లో రాసి సంతకం పెట్టాను. ఆ సోమవారం కొట్టుకి సెలవు పెట్టి వాళ్ళతో వెళ్ళాను. మా బావ ఫోను చేసి ఒకే మాటన్నాడు, ఇక మా గుమ్మం తొక్కొద్దని. తొక్కలేదు.

నాలుగు నెలలకి గొట్టాలు తిరిగొచ్చాయి. కాలవ వైపున్న వీధి మొదటి నుంచి వరసగా పూడ్చుకుంటూ వచ్చి ఒకచోట ఆగిపోయారు. ఇంతే ఉన్నాయన్నారు. నేను వెళ్ళి లెక్కపెట్టాను. నలభై ఆరు. పదకొండు తక్కువ, అంటే అరవై ఆరు మీటర్లు. చివరి పన్నెండు ఇళ్ళకి నీళ్ళు లేవు. టీచరుగారి ఇల్లు ఆ పన్నెండులో ఉంది. ముందున్న యాభై రెండు ఇళ్ళ వాళ్ళు మా బావకి శాలువా కప్పారు. వాళ్ళని కూడా నేను గౌరవించలేకపోయాను. అయితే నీళ్ళు కావలసినవాళ్ళు ఎవరి మెడలో ఏం వేస్తారో తూచడానికి నాకు ఏ తూకపురాయీ లేదని కూడా తెలుసు.

పదకొండు గొట్టాలు ఎక్కడున్నాయో వెతకడం కష్టం కాలేదు. పెద్దవీధి వెనకాల కొత్త మట్టి వెంట అడుగులు కొలుచుకుంటూ నడిచాను. అరవై ఆరు మీటర్ల దగ్గర గేదెల తొట్టి, దాని మీద ఇత్తడి కుళాయి. కొట్టం మా బాబాయిది. అటు ఓటేసిన మా బాబాయిది. ఆయన గేదెలు మంచినీళ్ళు తాగుతున్నాయి.

టీచరుగారు ఈసారి అర్జీ తనే రాసుకొచ్చింది, నన్ను చూడమంది. గొట్టాలు ఎవరి స్థలంలో ఉన్నాయో రాయాల్సిన చోట ఖాళీ వదిలింది. నువ్వు పూర్తి చెయ్యి అని కూడా అనలేదు, పెన్ను ఇచ్చింది. మా నాన్న పోయినప్పుడు కర్మలన్నీ దగ్గరుండి చేయించినవాడు మా బాబాయి. ఆ ఖాళీలో ఆయన పేరూ, ఇంటి నంబరూ, గొట్టాల సంఖ్యా రాశాను.

సోమవారం కౌంటరులో గుమాస్తా అర్జీ చదివి, సంతకాలు చూసి, ఇంటిపేరు దగ్గర ఆగాడు. నా వైపు చూశాడు.

"ఈయన మీకేమవుతారండీ?"

"బాబాయండీ. సొంత బాబాయి."

గుమాస్తా ఇంకేమీ అడగకుండా స్టాంపు వేసి రసీదు ఇచ్చాడు. టీచరుగారు రసీదు తీసుకుని తేదీ సరిచూసుకుంది. తర్వాత బస్సుకి ఇంకా ఎంత టైముందో నన్నడిగింది. ఇంట్లో నీళ్ళు లేవట, వెళ్ళగానే పట్టుకోవాలట.