వాసవాంబ ఎత్తు వంటగట్టు

జగ్గయ్యపేటలో కిరాణా హోల్‌సేల్ కొట్టు నడిపే కోటిలింగం భార్య వాసవాంబ నాలుగడుగుల ఎనిమిదంగుళాల మనిషి. ఆమె కాపురానికొచ్చిన ఇంట్లో వంటగట్టు మాత్రం అత్తగారి ఎత్తుకు కట్టింది. ఆ అత్తగారు గుమ్మంలో నిలబడితే తల పైకమ్మికి తగిలేది. కొత్త కోడలికి గట్టు అందడం లేదని మర్నాడే ఒక చెక్కపీట తెచ్చి వేశారు. ముప్పై ఒక్క ఏళ్ళు వాసవాంబ ఆ పీటెక్కి వండింది. పీట దిగి ఉప్పు తీసుకుని, మళ్ళీ పీటెక్కి పులుసులో వేసేది. భుజాలు లాగితే వయసు మీద పడుతోందనుకుంది తప్ప గట్టును ఎన్నడూ ఒక మాట అనలేదు.

చిల్లకల్లు వెళ్ళే దారిలో కొత్త ఇంటికి శ్లాబు పడ్డాక, ఒకరోజు అన్నం తింటూ కోటిలింగం యథాలాపంగా అన్నాడు.

"వంటింటి సంగతి నువ్వే చూసుకో. నాకు కొట్లో తీరిక లేదు."

ఆమె సంతకం తప్ప మరేదీ సొంతంగా చేసిన మనిషి కాదు. చీరలు మొదట అత్తగారు తీసేవారు, తర్వాత కూతుళ్ళు తీశారు. ఆ పూట ఆమె మజ్జిగలో ఉప్పు రెండుసార్లు వేసుకుని, రెండుసార్లు వేసుకున్నట్టు తెలియకుండానే తాగేసింది.

మర్నాడు పదింటికల్లా పెద్ద సంచీతో నందిగామ బస్సెక్కింది. అక్కడ వంటిళ్ళు తయారుచేసి బిగించే షోరూమ్ ఒకటుంది. డిజైన్లు చూసే యశస్విని ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, కంప్యూటర్‌లో ఒక తెల్లటి వంటిల్లు చూపించింది. అందులో ఒక గిన్నె గానీ, పోపులపెట్టె గానీ లేదు. ఒక్క పూలకుండీ ఉంది.

"ఇప్పుడందరూ ఈ తెల్ల రాయే వేయించుకుంటున్నారు ఆంటీ."

"అందరూ వచ్చి మా ఇంట్లో వండరు కదమ్మా" అంటూ వాసవాంబ సంచీ విప్పింది. అందులోంచి పసుపు కలిపిన నూనె సీసా, నాలుగు నిమ్మకాయలు, చింతపండు పులుసు, చివర్న ఒక పెద్ద ఇత్తడి గిన్నె వచ్చాయి. రాళ్ళ నమూనాలన్నీ వరసగా పెట్టించుకుని, ఒక్కోదాని మీద పసుపు నూనె ఒక చుక్క, నిమ్మరసం ఒక చుక్క, పులుసు ఒక చుక్క వేసింది.

"నేను భోంచేసొస్తా. అప్పటిదాకా తుడవొద్దమ్మా."

ఆమె తిరిగొచ్చేసరికి అక్కడ చిన్న గుంపు పోగయింది. వంటింటి సామాను చూద్దామని వచ్చిన వాళ్ళు ఆ చుక్కల చుట్టూ నిలబడ్డారు. వాసవాంబ తడిగుడ్డతో ఒక్కోటీ తుడిచింది. తెల్ల పాలరాయి మీద నిమ్మరసం పడ్డచోట నున్నదనం పోయింది. ఇంకో తెల్లరాయి మీద పసుపు మరక ఎంత రుద్దినా లేతగా మిగిలింది. చీమకుర్తి నల్ల గ్రానైటు మాత్రం ఏమీ ఎరగనట్టు మెరుస్తూ ఉంది.

"ఆవకాయ కలిపే ఇంటికి ఇదే" అందామె. గుంపులోంచి ఒకావిడ "అవునండీ!" అని చప్పట్లు కొట్టింది. పెనుగంచిప్రోలు నుంచి వచ్చిన రైతు కుటుంబపు మనిషి, పేరు దుర్గాంబ. వాళ్ళింట్లోనూ కొత్త వంటిల్లు మొదలైంది. ఇక అక్కణ్ణుంచి ఆవిడ వాసవాంబ పక్కనే నడిచింది.

ఇత్తడి గిన్నె ఇమడని సింకులన్నీ పక్కకు పోయాయి. చీర చెంగు పట్టుకునే హ్యాండిళ్ళూ పోయాయి. చప్పుడు లేకుండా మెల్లగా మూసుకునే సొరుగును వాసవాంబ నాలుగుసార్లు తోసి చూసింది.

"కోపమొచ్చినప్పుడు గట్టిగా వేద్దామన్నా చప్పుడు రాదా?"

"రాదాంటీ. అదే దీని గొప్ప."

"అయితే మా ఆయనకి తెలిసేదెట్లా?"

యశస్విని పడీపడీ నవ్వింది. నవ్వాపుకుని, గట్టు ఎత్తు ముప్పై నాలుగంగుళాలని, అది స్టాండర్డని రాసుకోబోయింది.

"స్టాండర్డంటే ఎవరి ఎత్తమ్మా?"

యశస్విని పెన్ను ఆగిపోయింది. "నిజం చెప్పాలంటే నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదాంటీ. మా కార్పెంటరు డేవిడ్‌రాజు గారిని పంపిస్తా. మీ ఎత్తు చూసే రాసుకుందాం" అంది.

రెండ్రోజులకు డేవిడ్‌రాజు కొత్తింటికొచ్చాడు. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. ఇటుకలు పేర్చి, వాటి మీద ప్లైవుడ్ ముక్కలు ఒకదానిపై ఒకటి పెట్టి, పైన ఒక వెడల్పాటి చెక్క పరిచాడు. వాసవాంబ దాని మీద పళ్ళెం పెట్టుకుని జంతికల పిండి కలపడం మొదలెట్టింది.

"ఎట్లా ఉందమ్మా?"

"ఇంకో ముక్క తీసెయ్యండి."

తీశాడు. మళ్ళీ కలిపింది. మళ్ళీ ఒకటి తీయించింది. మూడో ముక్క తీశాక ఆమె చేతులు వాటంతట అవే పిండిలోకి దిగాయి. ఇన్నేళ్ళూ చెవుల దగ్గరకెక్కి కూర్చున్న భుజాలు కిందికి జారాయి. ఏడుపు రాబోయి నవ్వొచ్చింది.

"ఇదేనండీ డేవిడ్‌రాజు గారూ. ఇదే."

ఆయన టేపు పెట్టి చూశాడు. "ముప్పైకి అరంగుళం తక్కువమ్మా" అని గోడ మీద పెన్సిల్‌తో గీత గీశాడు.

సాయంత్రం కోటిలింగం వచ్చి ఆ గీత చూసి నోరు తెరిచాడు. "ఇదేం గట్టే? చిన్నపిల్లలు గుజ్జనగూళ్ళు ఆడుకునేట్టుంది. రేపెప్పుడైనా ఇల్లమ్మాలంటే ఎవరు కొంటారు?"

"నేనింకా పొయ్యే వెలిగించలేదు, మీరప్పుడే అమ్మేస్తున్నారా?"

ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయనకు ఎదురుమాట వినిపించడం అదే మొదలు. ఆమె డేవిడ్‌రాజు వదిలిపెట్టిన టేపు తీసుకుని దగ్గరకొచ్చింది.

"ఇట్లా తిన్నగా నిలబడండి. మోచెయ్యి వంచండి."

"నాకెందుకు?"

"కిటికీ పక్కన రెండడుగుల మూల ఉంది. అక్కడ మీ ఎత్తుకో గట్టు వేయిస్తున్నా. పొద్దున్నే కాఫీ మీరు పెట్టాలి."

కోటిలింగం తలుపు వైపు చూశాడు, భార్య వైపు చూశాడు, మెల్లగా మోచెయ్యి వంచాడు.

గృహప్రవేశానికి వచ్చిన ఆడవాళ్ళందరూ ముందు ఆ వంటింట్లోకే వెళ్ళారు. కొందరు గట్టు చూసి మూతి ముడిచారు. ఇంకొందరు దాని ముందు నిలబడి, గాల్లో పిండి కలిపి చూసుకుని, ఆలోచనలో పడ్డారు. కోటిలింగం పెట్టిన కాఫీ మొదటి వారం నీళ్ళలా ఉండేది. మూడో వారానికి కొట్టు పక్క వాళ్ళను కూడా ఇంటికి పిలిచి తాగించడం మొదలెట్టాడు.

నెల తిరక్కుండా దుర్గాంబ ఫోన్ చేసింది. "వదినగారూ, రేపు మా ఇంటికి డేవిడ్‌రాజు గారొస్తున్నారు. మీరు దగ్గరుండి చూస్తేనే గానీ నాకు ధైర్యం చాలదండీ."

వాసవాంబ ఆటోలో పెనుగంచిప్రోలు వెళ్ళింది. డేవిడ్‌రాజు సింకు కుడివైపని, గిన్నెలు ఆరబెట్టుకునే చోటు ఎడమవైపని గుర్తులు పెడుతున్నాడు. దుర్గాంబ వంకాయలు తరుగుతూ అన్నిటికీ తలూపుతోంది. వాసవాంబ కాసేపు ఆవిడ చేతుల వంకే చూసింది.

"దుర్గాంబగారూ, మీది ఎడం చేతివాటమా?"

"అవునండీ. చిన్నప్పుడు అన్నం తినేటప్పుడు మాత్రం కొట్టి మాన్పించారు" అని ఆవిడ నవ్వింది.

"డేవిడ్‌రాజు గారూ, ఆ సింకు ఇటు మార్చండి. గిన్నెలారబెట్టే చోటు అటు."

డేవిడ్‌రాజు ఒక్క క్షణం దుర్గాంబ చేతిలోని కత్తిని చూశాడు. తర్వాత గోడ మీది గుర్తులన్నీ చెరిపేసి, చెవి సందులోంచి పెన్సిల్ తీశాడు.