తీపి గుళికల పథ్యం

మా ఆయనకు ఉబ్బసం. వన్ టౌన్‌లో హోల్‌సేల్ బట్టల కొట్టు మాది, రోజంతా బేళ్ళ దుమ్ములోనే ఉంటారు. ఛాతీ డాక్టరు గొట్టంలోకి ఊదించి చూసి, ఊపిరి దారులు వాచి బిగుసుకుంటున్నాయని చెప్పి, పీల్చుకోమని స్ప్రే రాశారు. పీలిస్తే తేలికయ్యేది. కానీ బేరానికొచ్చినవాళ్ళ ముందు దాన్ని నోట్లో పెట్టుకోవడం ఆయనకు నామోషీ. ఎవరో చెప్పారని నన్ను వెంటబెట్టుకుని గవర్నర్‌పేటలో హోమియో డాక్టరు దగ్గరికి వెళ్ళారు.

ఆ డాక్టరు గారు గంటసేపు ప్రశ్నలు అడిగారు. దాహం ఎక్కువా, ఏ పక్కకు తిరిగి పడుకుంటారు, కోపం వస్తే అరుస్తారా, లోపల దాచుకుంటారా. అరుస్తారని నేను చెప్పాను. జబ్బుకు కాదు, మనిషికి మందివ్వాలన్నది వాళ్ళ పద్ధతట.

"ఉల్లిపాయ కోస్తే కళ్ళూ ముక్కూ కారతాయి కదమ్మా. అలా కారే జలుబుకి ఉల్లితో చేసిన మందే ఇస్తాం" అన్నారు.

ఆ మందును పలచన చేసి, కుదిపి, మళ్ళీ పలచన చేస్తారట. ఎంత పలచనైతే అంత బలమట. అంత పలచన చేస్తే అసలు మందు చుక్క కూడా మిగలదని, తర్వాతెప్పుడో అడిగితే ఛాతీ డాక్టరు చెప్పారు. ఇద్దరితోనూ వాదించే ఓపిక నాకు లేదు. నిజం చెప్పొద్దూ, గంటసేపు మా ఆయన నిద్ర గురించి అడుగుతుంటే, పక్కన కూర్చున్న నా నిద్ర గురించి కూడా ఎవరైనా అడిగితే బావుండు అనిపించింది.

లేచేముందు తీపి గుళికల సీసా చేతికిచ్చి పథ్యం చెప్పారు. కాఫీ, ఉల్లి, వెల్లుల్లి, కర్పూరం, ఘాటు వాసనలు వద్దు. "స్ప్రే మాత్రం మానకండి" అని కూడా అన్నారు. ఆ చివరి ముక్క మా ఆయన చెవికెక్కలేదు.

పప్పులో వెల్లుల్లి పోపు పోయింది. ఆవకాయ జాడీ అటకెక్కింది. హారతికి కర్పూరం బదులు నేతి వత్తి. తలనొప్పికి బామ్ రాసుకోవాలంటే నేను మేడ మీదికి వెళ్ళాల్సొచ్చేది. ఇంత చాదస్తం ఎక్కడా చూడలేదు. అయినా విసుక్కుంటూనే అన్నీ చేశాను, ఆయనకు ఊపిరాడితే చాలని.

ఒక ఆదివారం పొద్దున పేపరు చదువుతూ ఉండగానే ఆయాసం ఎక్కింది. పెదవులు నల్లబడుతున్నాయి. స్ప్రే కోసం అలమార అంతా చిందరవందర చేశాను.

"కొట్లో పెట్టా... దానికీ వాసనుంది... గుళికలకి పడదని..." అన్నారు ముక్కలు ముక్కలుగా.

ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. నర్సు ఆయన మొహానికి మాస్క్ పెట్టింది. అందులోంచి మందు పొగలా రాగానే ఆయన దాన్ని లాగేశారు.

"ఇన్నాళ్ళ పథ్యం పోద్దే" అన్నారు.

నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఏళ్ళ తరబడి ఆ ఊపిరి చప్పుడు వింటూ పడుకున్నదాన్ని. మాస్క్ లాక్కుని రెండు చేతులతో ఆయన మొహానికి అదిమి పట్టుకున్నాను. ఆయన గుర్రుగా చూశారు.

"కోప్పడండి" అన్నాను. "ముందు ఊపిరి పీల్చుకోండి. ఇంటికొచ్చాక తీరిగ్గా అరుద్దురు గాని."