రెండు పళ్ల గురుదక్షిణ

నిక్షేపంలాంటి రెండు ముందుపళ్లను నేను పోగొట్టుకున్న వైనం ఇది. యుద్ధంలో కాదు, బండి మీంచి పడీ కాదు, మీరు అనుమానిస్తున్నట్టు మా ఆవిడ చేతుల్లో అసలే కాదు. చల్లటి ఏసీ గదిలో, మెత్తటి కుర్చీలో వెల్లకిలా పడుకుని, ముందే సంతకం పెట్టి, పైగా నవ్వుతూ పోగొట్టుకున్నాను. ఇంత హాయిగా ఇంత నష్టం చేసుకున్నవాడు పంజాగుట్ట చౌరస్తా చుట్టుపక్కల ఇంకొకడుంటే చూపించండి, వాడికి శాలువా కప్పుతాను.

అప్పటికి నాకు నలభై ఆరేళ్లు. పాలుగారే వయసు. అమీర్‌పేటలో, లిఫ్టు లేని మేడ మీద మూడో అంతస్తులో, మనుషులకు మాట్లాడటం నేర్పేవాణ్ణి. నవ్వకండి. అమీర్‌పేటలో నేర్పని విద్య లేదు. కింది అంతస్తులో కంప్యూటర్లతో ఎలా మాట్లాడాలో నేర్పేవారు, పై అంతస్తులో నేను మనుషులతో ఎలా మాట్లాడాలో నేర్పేవాణ్ణి. కంప్యూటర్లు చెప్పినట్టు వినేవి కాబట్టి వాళ్ల బ్యాచ్‌లు కిటకిటలాడేవి. మనుషులు వినరు కాబట్టి నా విద్యకు కాస్త నైపుణ్యం కావాలి. ఆ నైపుణ్యాన్ని నేను నాలుగు పాఠాలుగా పిండి, వడగట్టి, సీసాలో పోసి పెట్టాను.

మొదటి పాఠం: ధర చెప్పకు, లోపం చూపించు. రెండోది: ‘కావాలా, వద్దా’ అని అడగకు, ‘శనివారం వస్తారా, ఆదివారం వస్తారా’ అని అడుగు. మూడోది: అడిగాక నోరు మూసుకో, ముందు మాట్లాడినవాడు ఓడిపోయినట్టే. నాలుగోది బ్రహ్మాస్త్రం. కస్టమర్ ఇంకా ఊగుతున్నాడనుకో, ‘మీకిది అవసరం లేదు, వద్దులెండి’ అను. పరిగెత్తుకుని వస్తాడు.

ఈ పాఠాలు ఒంటబట్టడానికి క్లాసులో రోజూ నాటకం వేయించేవాణ్ణి. కస్టమర్ వేషం ఎప్పుడూ నాదే. ఒక్కొక్కరూ వచ్చి నాకేదో అమ్మాలి. బాగా అమ్మితే బహుమతిగా నేను ‘శనివారం’ అనేవాణ్ణి. నలభై మంది చప్పట్లు కొట్టేవారు. అలా ఆరేళ్లలో నేను కొన్న ఫ్లాట్లు ఒకచోట చేరిస్తే శ్రీనగర్ కాలనీ అంత ఊరవుతుంది. ‘శనివారం’ అనడం నాకు తుమ్ములాంటిదైపోయింది. ముక్కు దురద పెడితే ఆగదు.

ఇక విపత్తు. అది జామకాయ రూపంలో వచ్చింది. మెట్రో మెట్ల కింద బండి దగ్గర ఉప్పూకారం చల్లిన జామకాయ తిన్నాను. ఒక గింజ వెనక దంతాల మధ్య ఇరుక్కుంది. గింజ అంటే చిన్నదనుకునేరు. నా నాలుకకు అది గోల్కొండ కోట గుండులా తగిలింది. రెండు రోజులు అగ్గిపుల్లలతో, సేఫ్టీ పిన్నులతో, చివరికి గిటారు తీగతో ముట్టడించాను. లొంగలేదు.

“మన వీధి చివర పళ్ల డాక్టరు పెద్దాయన ఉన్నారు కదండీ, ఆయన దగ్గరికి వెళ్లి తీయించుకోండి” అంది మా ఆవిడ సులోచన.

“ఆయనకు చూపానదు సులోచనా. ఒకసారి పన్ను పీకమంటే కుర్చీ హ్యాండిల్ పట్టుకు లాగాడు.”

“మరి ఆ హ్యాండిల్ మీ పన్నులా కదలకుండా ఉంటే ఆయనేం చేస్తాడు?”

ఇలాంటివాటికి జవాబు చెప్పకుండా పంజాగుట్ట వెళ్లిపోయాను. అక్కడ ఫ్లైఓవర్ పక్కన ఒక అద్దాల మేడకు ‘దంత పరీక్ష ఉచితం’ అని బోర్డు వేలాడుతోంది. నా ఇన్‌స్టిట్యూట్‌కూ అలాంటి బోర్డే ఉంది, ‘డెమో క్లాసు ఉచితం’ అని. ఉచితం అనే మాట వెనక ఏముంటుందో ఈ నగరంలో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. తెలిసే వెళ్లాను. ఆ తెలివే నన్ను ముంచింది. తెలియనివాడు గుమ్మం దగ్గరే జాగ్రత్తపడతాడు. తెలిసినవాడు లోపలికెళ్లి చూసొద్దామనుకుంటాడు.

లోపల కుర్ర డాక్టరు. గడ్డం ఎంత చక్కగా దిద్దుకున్నాడంటే స్కేలు పెట్టి గీసినట్టుంది. ఒక్క నిమిషంలో గింజ బయటపడింది.

“ఇంతేనా డాక్టర్ గారూ?”

“గింజ వరకూ ఇంతే సార్. కానీ...”

ఆ ‘కానీ’ తర్వాత ఎదురుగా ఉన్న టీవీ వెలిగింది. తెర నిండా నా ముందుపళ్లు. గేదె కూడా సిగ్గుపడేంత పెద్దవి. మధ్యలో సందు ఒకటి, ఆర్టీసీ బస్సు రివర్సు చేసుకోగలిగినంత.

“చూశారా సార్, గ్యాప్? రంగు కూడా తగ్గింది. పైన ఆరు పళ్లకు పింగాణీ తొడుగులు వేస్తే మీ నవ్వే మారిపోతుంది.”

“వాటికేమైనా జబ్బా?”

“జబ్బేం లేదు.”

“నొప్పి కూడా లేదే నాకు.”

“అదే సార్ ప్రాబ్లెం. నొప్పి ఉంటే మీరే వచ్చేవారు. లేదు కాబట్టి మేం చెప్పాల్సి వస్తోంది.”

ఈ వాక్యంలోని తర్కానికి నేను లేచి నమస్కారం పెట్టబోయాను. నోట్లో అద్దం ఉండి ఆగిపోయాను.

“తొడుగులు వేయాలంటే ఏం చేస్తారు?”

“పైపైన కొంచెం అరగదీస్తాం.”

“అరగదీసింది మళ్లీ పెరుగుతుందా?”

“పెరగదు సార్. అందుకే పర్మనెంటు” అని, “మా కౌన్సెలర్ మేడం అంతా వివరంగా చెప్తారు” అంటూ పక్క గదిలోకి పంపాడు.

అంటే పందెంలో ఉన్నవి నా సొంత పళ్లు ఆరు. నలభై ఏళ్లుగా చెరుకు గడలు చీల్చిన పళ్లు, సోడా మూతలు ఊడబీకిన పళ్లు. ఒకసారి అరిగితే మళ్లీ రావు. ఈ సంగతి నాకు స్పష్టంగా తెలుసని దయచేసి గుర్తుంచుకోండి. తర్వాత నన్ను తిట్టుకోవడానికి పనికొస్తుంది.

పక్క గదిలో కౌన్సెలర్ తలెత్తి, గబుక్కున లేచి నిలబడింది.

“సార్! మీరా!”

స్రవంతి. రెండేళ్ల కిందట నా బ్యాచ్‌లో పిల్ల. బోరబండ నుంచి వచ్చేది. మొదటి రోజు తన పేరు చెప్పడానికే గుటకలు మింగింది. చివరి రోజుకి నాకు రెండు ఫ్లాట్లు, ఒక పాలసీ అమ్మింది.

“నువ్వేనా కౌన్సెలర్ మేడం! చాలా సంతోషమమ్మా. కానియ్, నేనొక పేషెంటుననుకుని చెప్పు.”

అనకూడని మాట అదేనండీ. పేషెంటుననుకోవడమేమిటి, పేషెంటునే కదా! కానీ నాలోని మాస్టారు అప్పటికే నిద్రలేచాడు.

ఆ పిల్ల ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత ఫైలు తెరిచి మొదలుపెట్టింది. ధర ఎత్తలేదు. చేతికి అద్దం ఇచ్చింది. నా సందు నాకు చూపించింది. మనసులో పదికి తొమ్మిది వేశాను. పెన్ను మూత తీసి, మెత్తటి గొంతుతో అడిగింది.

“సార్, మీకు శనివారం వీలైతదా, ఆదివారమా?”

అడిగి నోరు మూసుకుంది. గదిలో ఏసీ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నేనూ నోరు మూసుకున్నాను, చూద్దాం ఎంతసేపు ఆగుతుందో అని. నిమిషమైంది. ఆ పిల్ల కనురెప్ప కదలలేదు. నా గుండె గర్వంతో బూరెలా పొంగింది. ఎంత బాగా నేర్చుకుంది! ముక్కు దురద పెట్టింది.

“శనివారం” అన్నాను.

చప్పట్లు వినపడలేదు. కాగితం ముందుకు జరిగింది. సంతకం పెట్టి, ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి ఆశీర్వదించి మరీ బయటికొచ్చాను. మెట్రో ఎక్కి కూర్చున్నాక గానీ, ఆశీర్వాదంతోబాటు ఆరు పళ్లు కూడా ఇచ్చేశానని అర్థం కాలేదు.

“పర్లేదు, ఇంకా టైముంది. మానేస్తే సరి” అనుకున్నాను. నిజంగానే మానేసేవాణ్ణేమో. కానీ శుక్రవారం సాయంత్రం ఫోన్ మోగింది.

“సార్, నేను స్రవంతిని.”

“చెప్పమ్మా.”

“సార్, రేపు రాకుండ్రి.”

“ఏం, డాక్టర్ లేడా?”

“ఉన్నడు సార్. మీరే రాకుండ్రి. మీ పండ్లు మంచిగున్నయి, గట్టిగున్నయి. వాటికేం కాలే. మీకిది అవసరం లేదు సార్.”

‘మీకిది అవసరం లేదు!’ నా ఒళ్లు పులకరించింది. నాలుగో పాఠం! అక్షరం పొల్లుపోకుండా! క్లాసులో ఎవడికీ సరిగ్గా అబ్బని పాఠం, మాట కాస్త అటూ ఇటూ అయితే తేలిపోయే పాఠం. ఈ పిల్ల ఎంత సహజంగా చెప్పిందంటే, నేర్పిన నేనే నమ్మబోయాను.

“శభాష్ స్రవంతీ! నాలుగోది కూడా వచ్చేసింది నీకు!”

“గట్ల కాదు సార్, జర వినుండ్రి. నేను నిజంగ చెప్తున్న...”

“ఆ ‘నిజంగ’ కూడా బాగుంది. మధ్యలో గొంతు వణికించావు చూడు, అది నేను నేర్పలేదే. ఎక్కడ నేర్చుకున్నావ్?”

అవతల కాసేపు మాట లేదు. మూడో పాఠం కూడా కలిపి వాడుతోందని మురిసిపోయాను. తర్వాత ఫోన్ పెట్టేసింది.

సులోచన వంటింట్లోంచి అంతా వింటోంది. “వద్దంటోంది కదండీ ఆ పిల్ల?”

“నీకు తెలీదులే. అది టెక్నిక్.”

“వద్దంటే వద్దని కాదా అర్థం?”

“మా వృత్తిలో కాదు.”

“ఏం వృత్తండీ బాబూ అది!” అని ఆమె పోపు వేసేసింది.

శనివారం పొద్దున పెళ్లికొడుకులా తయారై వెళ్లాను. మత్తు సూది పడింది. పెదవి ఉబ్బి, ఇంకెవరిదో అద్దెకు తెచ్చుకున్నట్టయింది. యంత్రం బుర్రుమంది. నా పన్ను పొడి గాల్లోకి లేచి దీపం వెలుగులో మెరిసింది. ముందు ఒకటి, తర్వాత దాని పక్కది. డాక్టరు ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, శిష్యురాలి గొప్ప చాటే అవకాశం వదులుకోవడం ఇష్టం లేక, ఆ అద్దె పెదవితోనే అన్నాను.

“మీ కౌన్ఫెలర్... నా ఫ్టూడెంటు.”

“స్రవంతి మేడమా సార్? నిన్న సాయంత్రమే ఉద్యోగంలోంచి పంపించేశాం.”

“ఏం?”

“మాటకారే, కాదనను. కానీ ఈ వారం ఏమైందో, పేషెంట్లకు ఫోన్లు చేసి రావద్దని చెప్తోందట. పాపం వాళ్లంతా మానేశారు. మీరొక్కరే వచ్చారు సార్.”

మీరొక్కరే వచ్చారు. ఆ మాట నా నెత్తిన పడ్డప్పుడు చేసిన చప్పుడు బేగంపేట దాకా వినపడి ఉండాలి. నోట్లో ఉన్న గొట్టాలు, దూది, అద్దం అన్నీ ఊడిపడేలా చెయ్యెత్తి “ఆఫంఢి!” అని అరిచాను. పక్క గదిలో ఉచిత పరీక్షకు వచ్చిన పేషెంటు కూడా ఆపించుకున్నాడని తర్వాత తెలిసింది. నాలుగు పళ్లు బతికాయి. అరిగిన రెండింటికీ తొడుగులు వేయక తప్పలేదు. ఇప్పుడు నేను నవ్వితే పాతబడ్డ ప్రహరీ గోడకు నడిమధ్యన రెండు కొత్త పాలరాతి పలకలు అతికించినట్టుంటుంది.

వారం తర్వాత స్రవంతి మేడ మీదికి వచ్చింది. ఇంకో ఉద్యోగానికి నా సిఫారసు ఉత్తరం కావాలట. నా నోరు చూసి కుర్చీలో కూలబడింది.

“అయ్యో, పోయిండ్రా సార్!”

“పోయానమ్మా. రెండు పోయాయి.”

“అందరు ఇన్నరు సార్. చదువు రాని అవ్వ సుత ‘సరే బిడ్డా’ అని ఇంటికాడనే ఉన్నది. మీకే ఎందుకు అర్థం కాలే?”

ఎందుకంటే ఆ అవ్వకు నా నాలుగు పాఠాలు రావు. ఆమెకు వద్దంటే వద్దనే. ఇది పైకి అనలేదు.

“నువ్వు చెప్పిన తీరు అంత బాగుంది మరి. గొంతు కూడా వణికింది...”

“ఏడుస్తున్న సార్ నేను.”

ఫ్యాను తిరుగుతోంది. కింది అంతస్తులో ఎవరో కంప్యూటరు పాఠం వల్లెవేస్తున్నారు. ఆ పిల్ల నెమ్మదిగా, కోపం లేకుండానే అడిగింది.

“మరి ఎట్ల చెప్తే నమ్మేటోళ్లు సార్? అది చెప్పుండ్రి, నేర్చుకుంట.”

అబద్ధాన్ని నిజంలా పలికించడానికి నా దగ్గర నాలుగు పాఠాలున్నాయి. నిజాన్ని నిజంలా చేరవేయడానికి ఒక్కటీ లేదు. పైగా, నేను పాఠాలు చెప్పి పంపిన పిల్లలు ఎన్ని గదుల్లో, ఎన్ని అద్దాలు ఎవరెవరి చేతుల్లో పెట్టి ఉంటారో అని తలుచుకుంటే, మత్తు దిగిన చిగుళ్ల నొప్పి దీనిముందు ఎంత అనిపించింది. ఉత్తరం రాసిచ్చాను. జీవితంలో ఒక్క అతిశయోక్తి కూడా లేకుండా రాసింది అదొక్కటే. ‘ఈ అమ్మాయి వద్దంటే, వద్దు’ అని. ఆమెకు ఉద్యోగం వచ్చింది. నాలుగో పాఠం సిలబస్‌లోంచి ఎగిరిపోయింది. మిగతా మూడూ కుంటుతున్నాయి, త్వరలో పోతాయి.

కనుక, మిగిలి ఉన్న నా సొంత పళ్ల సాక్షిగా, చెయ్యెత్తి చేస్తున్న ప్రతిజ్ఞ: ఇకమీదట నా మేలు కోరి ఎవరేం చెప్పినా, ఎంత అందంగా చెప్పినా, మెచ్చుకోను. నమ్ముతాను. ముందు నమ్మి, తీరిక దొరికితే ఆ తర్వాత మెచ్చుకుంటాను.

ఈ ప్రతిజ్ఞ సులోచన ముందు గంభీరంగా చేశాను. ఆమె పూర్తిగా విని, నా నోటి వంక తదేకంగా చూసి, “ఆ రెండు పళ్లూ మీకు బాగా నప్పాయండీ” అంది. అని గోడవైపు తిరిగింది. భుజాలు ఎందుకో కదులుతున్నాయి.

ప్రతిజ్ఞ చేసి అప్పటికి అర నిమిషం కూడా కాలేదు. ఏం చేస్తాను, నమ్మేశాను.