మేక ముట్టని కంచె

మొన్న విశాఖపట్నంలో బాల్కనీకి ఒక మొక్క కొందామని నర్సరీకి వెళ్లాను. తోటమాలి ఒక కుండీలో కొమ్మలు కత్తిరిస్తుంటే, నలిగిన ఆకు వాసన గుప్పున ముక్కుకు తగిలింది. కాస్త మందువాసన, కాస్త ఎండుగడ్డి వాసన కలిసిన ఆ ఘాటు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. గరుకు ఆకులు, పసుపూ గులాబీ కలిసిన చిట్టి పూలగుత్తులు. లంటానా. కొత్త రకమట. పశువులు కూడా ముట్టవమ్మా అని దాని గొప్ప చెప్పాడు. నేను అతని మాట వినడం మానేసి సుగుణ పిన్నిని తలచుకుంటూ నిలబడిపోయాను.

బస్తర్ గనుల నుంచి ఇనుపరాయి దిగే రైలుదారిలో ఒక చిన్న స్టేషన్ మాది. నాన్న గూడ్సు గార్డు. సుగుణ పిన్ని స్టేషన్ మాస్టారి భార్య, బొబ్బిలి దగ్గరి మనిషి. చుట్టరికమేమీ లేదు, రెండు క్వార్టర్లకూ గోడ ఒకటే. ఆదివారం ప్రార్థనలో ఎంత గట్టిగా పాడేదో మేకల మీద అంత గట్టిగా అరిచేది. ఏటా పెద్ద ఆఫీసరు సెలూన్ అనే తన ప్రత్యేక రైలుపెట్టెలో తనిఖీకి వచ్చి, లైనులో అందరికంటే మంచి తోట పెంచిన స్టేషనుకు షీల్డు ఇచ్చేవాడు. చుట్టూ అంత అడవి పెట్టుకుని పూలమొక్కల కోసం పోటీలేమిటని మాలో ఒక్కరికీ తోచలేదు. ఆ ఎర్రధూళిలో, మేకల బాధకు ఏ మొక్కా బతికేది కాదు. పిన్ని పుట్టింటి నుంచి తడిగోనెలో చుట్టి లంటానా కొమ్మలు తెచ్చి కంచెగా నాటింది. "మేకైనా ముట్టదు. ఇంకేటి కావాలి?" అని మురిసిపోయేది. షీల్డు మాకే వచ్చింది. ఆపైన ప్రతి స్టేషను వాళ్లూ అడగడమే. కొమ్మల కట్టలు గూడ్సు చివర గార్డులుండే బ్రేకువానుల్లో లైను పొడుగునా తిరిగాయి. మా నాన్నా మోశాడు.

బుద్రి అని ఒక గోండు ఆవిడ ఉండేది. తొలకరికి సాల చెట్ల కింద మట్టిలో బోడా అనే గుండ్రటి పుట్టగొడుగులు పుడతాయి. అవి తవ్వి తెచ్చి మొదట పిన్ని గుమ్మంలోనే బుట్ట దించేది. వానాకాలం ఆమె ఇల్లు గడిచేది వాటి మీదే. కంచె నాటిన కొన్నేళ్లకు, ఒక ఏడు వానలు పడ్డా ఆమె రాలేదు. పిన్నితో నేను సంతకు వెళ్లినప్పుడు కనబడితే, నామీద అలిగావా అని పిన్ని నిలదీసింది. బుద్రి మమ్మల్నిద్దరినీ స్టేషను వెనక వాలు ఎక్కించింది. సాల చెట్ల కింద, చూపు ఆనినంత దూరం, మనిషెత్తు లంటానా. నిండా పూలు. అడుగు పెట్టే సందు లేదు, తవ్వడానికి మట్టి కనబడదు, ఒక్క సాల పిల్లమొక్క లేదు. నల్లటి పళ్లు తిన్న పిట్టలు కొండంతా విత్తేశాయి. వేలెడంత కొమ్మ ఇంత పని చేసిందా అని నాకు ఒళ్లు గగుర్పొడిచింది. అంత అందమైన భయం మళ్లీ ఎన్నడూ ఎరగను. బుద్రి తిట్టలేదు. దీన్ని ఎవరు తింటారు అని మాత్రం అక్కడి హల్బీ భాషలో అడిగింది. పిన్ని తెలుగులో, ఎవరికో చెబుతున్నట్టు అంది. "కంచే చేను మేసిందంటే సామెతనుకున్నాను. నా కంచె అడివినే మేసేసింది."

మర్నాడే తనిఖీ. ఆ సాయంత్రం పిన్ని గునపం పట్టుకుని కంచె పెకలించడం మొదలుపెట్టింది. మాస్టారు పరుగున వచ్చారు. రేపు సెలూన్ వస్తోందని, తోట గుండు కొట్టించినట్టుందని మెల్లగా మొత్తుకున్నారు.

"రానీండి. నేనే తెచ్చేను, నేనే పీకుతాను," అంది పిన్ని, తలెత్తకుండా.

ఆ ఏడు షీల్డు పై స్టేషనుకు పోయింది. అదీ మా పిన్ని పంపిన కొమ్మలతో పెరిగిన తోటే. లైనంతా నవ్వుకుంది. పిన్ని మాత్రం కొంగు బిగించి బుద్రితో కలిసి వాలు మీదికి వెళ్లేది. నరికి పడేసిన కొమ్మలు వానకు మళ్లీ చిగిర్చాయి. అప్పుడిక వేరుతో సహా పెకలించి, బండల మీద తలకిందులుగా, వేళ్లు పైకి పెట్టి ఎండబెట్టేది. అరచేతులు బొబ్బలెక్కి చీరుకుపోయేవి. అడవంతా నీ వల్ల అవుతుందా అని మా అమ్మ అడిగితే, "అవదు. గుమ్మంలోంచి కనిపించినంత నాది," అంది.

కొన్నేళ్లకు ఒక తొలకరి ఉదయం బుద్రి దొన్నె తెచ్చి పిన్ని గుమ్మంలో పెట్టింది. అడుగున గుప్పెడు బోడా, ఇంకా మట్టి వదలనివి. పిన్ని వాటిని వండలేదు. పక్కనే చతికిలబడి, మట్టిని వేలితో తుడుస్తూ, వెక్కి వెక్కి ఏడ్చింది. షీల్డు అందుకున్న రోజున కూడా ఆమె ముఖం అలా వెలగడం నేను చూడలేదు.

పిన్ని పోయాక ఒకసారి అటు వెళ్లాను. వాలుకు ఆ పక్కా ఈ పక్కా లంటానాయే. నడుమ, ఆమె గుమ్మానికి ఎదురుగా, నా భుజమంత సాల మొక్కలు నిలబడి ఉన్నాయి. గుళ్లోనో చర్చిలోనో అనిపించే నిశ్శబ్దం. నాకు తెలియకుండానే చెప్పులు విప్పేశాను.

నర్సరీలో తోటమాలిని ఏ మొక్క గురించి అడిగినా నా నోట బుద్రి ప్రశ్నే వచ్చింది, పిన్ని గొంతుతో. దీన్ని ఎవరు తింటారు? అతను విసుక్కున్నాడు. చివరికి కరివేపాకు మొక్క తెచ్చుకున్నాను. వారం తిరక్కుండా గొంగళిపురుగులు సగం ఆకులు తినేశాయి. తిననీ.