ఇయోలిన్ మోసిన రొట్టె

వారమంతా ఇయోలిన్ బ్రిడ్జ్‌టౌన్ మార్కెట్లో ఎగిరే చేపలకు ముళ్లు తీస్తుంది. ఊరికే కూర్చున్నా ఆమె బొటనవేలు ముల్లు వెతుకుతున్నట్టు కదులుతూనే ఉంటుంది. ఆమె మతగురువు కాదు. అయినా చర్చిలో పవిత్రపరచిన ప్రభుభోజనపు రొట్టెను మంచం పట్టినవారి ఇళ్లకు తీసుకువెళ్లి ఇచ్చే అధికారాన్ని బిషప్ ఈ మధ్యనే ఆమెకు అప్పగించారు. అప్పటినుంచి చేతులను నిమ్మచెక్కతో మరింతసేపు రుద్దుకుంటోంది. భక్తి ఎంతో తెలియదు. శ్రద్ధ మాత్రం కనిపిస్తుంది. మొదటి ఆదివారం, మంచం పట్టిన గిటెన్స్ ముసలాయన ఆమెను చూసి గోడవైపు తిరిగాడు.

“ఫాదర్ పోయాడా ఏంటి, చేపలమ్మేదాన్ని పంపారు?”

“ఉన్నారు తాతా. చూసుకోవలసినవి మూడు చర్చిలు, పనిచేసేది ఒక్క మోకాలు.”

“ఆ రెండోది బాగయ్యేదాకా ఆగుతాలే. నువ్వెళ్లు.”

మొదటి గడపే కాదంటే రేపు మరే ఇల్లూ ఆమెను రానివ్వదు. శిక్షణలో వాదించడం నేర్పలేదు. వెళ్లబోతూ మంచం పక్కన చూసింది. ప్రభుభోజనానికి వెలిగించే కొవ్వొత్తి సిద్ధంగా ఉంది. టీ మీద మీగడ కట్టింది, పొద్దుటి ఫలహారపు రొట్టె ముక్కను ఎవరూ ముట్టుకోలేదు. ప్రభుభోజనం అందేవరకు పరగడుపున ఉండే కాలపు మనిషి ఆయన.

“సరే, వెళ్తాను. ముందు ఆ టీ తాగండి, చూసి వెళ్తాను.”

గిటెన్స్ కప్పు వంక చూశాడు. చేయి చాపలేదు.

“కిటికీ వెయ్యి,” అన్నాడు. “గాలికి కొవ్వొత్తి నిలవదు.”